విరిగిన గేమ్ క్యాసెట్ డొప్పలు అతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత టీవీ గేమ్ క్యాసెట్‌లో లోపలి బోర్డు అంత తొందరగా పోదు. ముందు పోయేది పైనున్న ప్లాస్టిక్ డొప్పే. మూల విరుగుతుంది, పక్కన చీలుతుంది, స్క్రూ పట్టే గొట్టం పగులుతుంది, లోపలి లాకు ఊడిపోతుంది. అలాంటి క్యాసెట్ చేతిలో పట్టుకుని విజయవాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నన్ను అడిగేవాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. అందుకే అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.

ఫెవిక్విక్ వేసి అతికేస్తే సరిపోదా?

దయచేసి వద్దు. ఆ రకం జిగురు గట్టిపడ్డాక బాగా పెళుసుగా ఉంటుంది. నెమ్మదిగా లాగి చూస్తే పట్టు ఉన్నట్టే అనిపిస్తుంది కానీ, కింద పడినా, కాస్త మెలిపడినా పుటుక్కున వదిలేస్తుంది. క్యాసెట్‌ను మెషీన్లోకి నొక్కి మళ్లీ పైకి లాగే ప్రతిసారీ డొప్పకు తగిలేది అలాంటి దెబ్బే. పైగా దాని ఆవిరి చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద తెల్లటి మసకగా పేరుకుంటుంది. నల్ల క్యాసెట్ మీద ఆ మసక దూరం నుంచే తెలుస్తుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. అది గాలిలోని తేమతో గట్టిపడే జిగురు. కృష్ణ ఒడ్డున ఉండే మనకు వానాకాలంలో ముక్కను సరిచేసుకునేంత టైమ్ కూడా ఇవ్వదు. మూల వంకరగా అతుక్కుందంటే మళ్లీ ఊడదీయడం మొదటి రిపేరుకంటే పెద్ద పని. అన్నిటికంటే పెద్ద నష్టమేమిటంటే, ఒకసారి అది పగులులోకి దిగిందా, తర్వాత చేసే మంచి అతుకు కూడా పట్టదు. మంచి అతుకుకు ప్లాస్టిక్ నేరుగా ప్లాస్టిక్‌నే తాకాలి.

మరి మంచి అతుకు అంటే ఏది?

డొప్ప ఏ ప్లాస్టిక్‌దో అదే ప్లాస్టిక్‌తో వేసే అతుకు.

జపాన్ గేమ్ కంపెనీ నింటెండో అసలు క్యాసెట్ల డొప్పలు ఏబీఎస్ ప్లాస్టిక్. 90ల్లో లిటిల్ మాస్టర్, మీడియా లాంటి మెషీన్లతో మన ఇళ్లకు వచ్చిన పసుపు, నీలం, నలుపు క్యాసెట్లలో కొన్ని ఏబీఎస్, కొన్ని అంతకంటే చవకైన పాలీస్టైరీన్. ఈ రెండూ అసిటోన్ అనే ద్రావకంలో కరుగుతాయి. విరిగిన రెండు అంచులకూ అసిటోన్ తగిలితే పైపొర మెత్తబడి ఒకదానిలోకి ఒకటి కలిసిపోతుంది. అసిటోన్ ఆవిరయ్యాక మధ్యలో జిగురనేదే ఉండదు, ప్లాస్టిక్ ఒక్కటే మిగులుతుంది.

కొండపల్లి బొమ్మకు చేతులు అతికే మక్కులో చింతగింజల పిండితోపాటు రంపపు పొట్టు కలుపుతారు. చెక్క బొమ్మకు చెక్కపొడే అతుకు. మనం చేసేదీ అదే పద్ధతి: పనికిరాని క్యాసెట్ నుంచి గీకిన ఏబీఎస్ తురుమును అసిటోన్‌లో కరిగిస్తే వచ్చే ముద్దే మన మక్కు. ఈ పేజీలో ఇకమీదట మక్కు అంటే ఆ ముద్ద అనే అనుకోండి.

నా క్యాసెట్ ఏ ప్లాస్టిక్‌దో ఎలా తెలుస్తుంది?

విరిగి ఊడొచ్చిన చిన్న చెక్కు ఉంటే గ్లాసు నీళ్లలో వేయండి. గాలి బుడగలు పట్టకుండా వేలితో ఒకసారి ముంచండి. ఏబీఎస్, పాలీస్టైరీన్ రెండూ నీటికంటే కాస్త బరువు, అందుకే మునుగుతాయి. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ తేలుతాయి. తేలిందంటే అసిటోన్ పనిచేయదు, మామూలు జిగుర్లు కూడా దాన్ని సరిగ్గా పట్టవు.

మునిగితే రెండో పరీక్ష. డొప్ప లోపలివైపు, బయటికి కనపడనిచోట, ఇయర్‌బడ్ కొనతో అసిటోన్ అద్దండి. కొన్ని సెకన్లాగి వేలుగోరుతో తాకితే జిగటగా ఉండాలి. లోపలివైపే చేయండి, పైన చేస్తే ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది.

అద్దంలా అవతలికి కనిపించే డొప్పలకు మాత్రం ఈ పరీక్ష కూడా వద్దు. పారదర్శక ప్లాస్టిక్ చాలాసార్లు పాలీకార్బొనేటో, అక్రిలికో అయి ఉంటుంది. అసిటోన్ తగలగానే సన్నని బీటలు వస్తాయి, ఆ బీటలు ఇక పోవు.

అసిటోన్ ఎక్కడ కొనాలి? నెయిల్ పాలిష్ రిమూవర్ పనికొస్తుందా?

బీసెంట్ రోడ్డు ఫ్యాన్సీ షాపుల్లో దొరికే రిమూవర్లలో చాలావాటికి నూనెలు, సువాసనలు కలుపుతారు. కొన్నింటిలో అసలు అసిటోనే ఉండదు. అవి వద్దు. ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట, ఫైబర్‌గ్లాస్ సామాను అమ్మేచోట స్వచ్ఛమైన అసిటోన్ అడగండి. చిన్న సీసా చాలు. పెయింట్ థిన్నర్‌ను దాని బదులు వాడొద్దు. అది రకరకాల ద్రావకాల మిశ్రమం, డొప్పను ఏం చేస్తుందో ముందుగా చెప్పలేం.

నేమ్ బోర్డులు చేసేవాళ్లు అక్రిలిక్ అతకడానికి క్లోరోఫాం వాడుతుంటారు, అదే తెచ్చుకోమని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. ఇంట్లో దాన్ని వాడొద్దు. అది పీలిస్తే మత్తు, కాలేయానికి చేటు.

అసిటోన్ ప్రమాదమా?

నిప్పుతో ప్రమాదం. సున్నాకు ఇంకా 20 డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు కూడా దాని ఆవిరి అంటుకోగలదు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. కాబట్టి వంటగదిలో చేయొద్దు, దేవుడి దీపం, అగరుబత్తి వెలుగుతున్న గదిలో చేయొద్దు. బాల్కనీలోనో, కిటికీలన్నీ తెరిచిన గదిలోనో చేయండి. పిల్లలకు సీసా అందనివ్వకండి. ఇంట్లో పిల్లలు పక్కన కూర్చుని చూస్తామంటే పాత డొప్పను గీకి తురుము తీసే పని వాళ్లకివ్వండి, అసిటోన్ మీ చేతిలోనే ఉంచుకోండి.

మక్కు ఎలా చేయాలి?

గట్టి మూతున్న చిన్న గాజు సీసా తీసుకోండి. చచ్చిపోయిన క్యాసెట్ డొప్ప నుంచి బ్లేడుతో గీకిన తురుము అందులో వేసి, తురుము మునిగేంత అసిటోన్ పోయండి. మూత బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున పుల్లతో కలిపితే బ్రష్ నుంచి కారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పలచనైతే మూత తీసి కాసేపు ఉంచండి, గట్టిపడితే నాలుగు చుక్కలు పోయండి.

రంగు విషయంలో ఓపిక పట్టండి. బూడిదరంగు డొప్పకు బూడిదరంగు తురుమే కావాలి. తురుము కోసం బాగున్న క్యాసెట్‌ను బలిపెట్టొద్దు. ఏబీఎస్ త్రీడీ ప్రింటింగ్ తీగ ముక్కలు, విరిగిన లెగో ఇటుకలు కూడా పనికొస్తాయి, వాటిలో రంగులు బోలెడు.

పగులు మాత్రమే ఉంది, ముక్క ఊడలేదు. ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే తేలికైన కేసు. ముందు బోర్డు బయటికి తీసేయండి. డొప్పను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి, పగులులో చేతి జిడ్డు ఉంటే అతుకు బలహీనమవుతుంది. పగులు అంచులు సరిగ్గా కలిపి బయటివైపు మాస్కింగ్ టేపు వేయండి. తర్వాత లోపలివైపు నుంచి సన్నని బ్రష్‌తో ఉత్త అసిటోన్‌ను పగులు పొడవునా తాకించండి. అదే లోపలికి పాకుతుంది. రెండు పక్కలా మెల్లగా నొక్కి కాసేపు పట్టుకుంటే చాలు. ఎక్కువ పోస్తే టేపు కిందకి జారి బయటి ముఖాన్ని కరిగిస్తుంది, అందుకే తక్కువతో మొదలుపెట్టండి.

ఒక రోజు వదిలేశాక లోపలివైపు పగులు మీద మక్కు పల్చగా పూయండి. బోర్డు కూర్చునే చోట మందం పెరగకూడదు, పూసేముందు బోర్డు పెట్టి చూసుకుని ఎక్కడ ఖాళీ ఉందో పెన్సిల్‌తో గీసుకోండి.

పగులు డొప్ప మధ్యలో ఆగి ఉంటే దాని కొన దగ్గర ఒక మిల్లీమీటరు చిల్లు పెట్టి మక్కుతో పూడిస్తే అక్కడినుంచి ముందుకు పాకదు.

ఎంతసేపు ఆరనివ్వాలి?

పైకి గంటలో ఆరినట్టే ఉంటుంది. లోపల ఆరదు. పల్చటి పూతకు కనీసం ఒక రోజు, మందంగా నింపినచోట నాలుగైదు రోజులు. అసిటోన్ పోయేకొద్దీ మక్కు కుంచించుకుపోతుంది. తొందరపడి రుద్ది చదును చేస్తే వారం తర్వాత అక్కడే గుంట కనిపిస్తుంది. మందంగా ఒకేసారి నింపకుండా, ఒక్కో పొరా ఆరాక ఇంకో పొర వేయండి.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోవద్దు. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, మన ఎండల్లో బ్రష్ మీదే ఆరిపోతుంది. మక్కుకు పైన పొర కట్టి లోపల బుడగలు మిగులుతాయి. తెల్లవారుజామున చేయండి. బాగా ముసురు పట్టిన రోజూ వద్దు. అసిటోన్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి దాని మీద తేమ చేరుతుంది, అతుకు తెల్లబారుతుంది.

స్క్రూ గొట్టం చీలిపోయింది. డొప్ప మూసుకోవడం లేదు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కేసు ఇదే, అందరూ తప్పుగా చేసేదీ దీన్నే. గొట్టం ఎందుకు చీలుతుందో తెలిస్తే రిపేరు సగం అర్థమైనట్టే. స్క్రూ తన మరలను ప్లాస్టిక్‌లో తానే కోసుకుంటుంది. విప్పి మళ్లీ బిగించేటప్పుడు పాత మరలలో కాకుండా కొత్తగా కోసుకుంటూ పోతే గోడ పల్చబడుతుంది. పైనుంచి బలంగా బిగిస్తే గొట్టం బయటికి విచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండకూ వేడికీ ఏబీఎస్‌లోని రబ్బరు భాగం గట్టిపడి సాగే గుణం పోతుంది కాబట్టి అది సాగలేక చీలుతుంది.

చీలిక నిలువుగా ఉంటే స్క్రూ తీసేసి, పై పద్ధతిలోనే చీలికలోకి అసిటోన్ పాకించి వేళ్లతో కలిపి పట్టుకోండి. స్క్రూ లోపల ఉండగా మాత్రం ఎప్పుడూ అసిటోన్ వేయొద్దు. ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్‌కు ద్రావకం తగిలితే ఉన్న చీలిక పక్కన కొత్త చీలికలు వస్తాయి. రెండు రోజులు ఆరాక గొట్టం చుట్టూ బయటివైపు కుట్టుదారం బిగువుగా, వరుసకు వరుస ఆనించి చుట్టండి. దాని మీద అరాల్డైట్ పూసి దారంలోకి ఇంకనివ్వండి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కాకుండా నెమ్మదిగా గట్టిపడే మామూలు రకం తీసుకోండి, పట్టు బాగుంటుంది. చిల్లులోకి జిగురు దిగకుండా స్క్రూకు వాజెలిన్ రాసి వదులుగా పెట్టి ఉంచండి. ఇక ఆ గొట్టం విచ్చుకోవాలన్నా దారం పోనివ్వదు.

గొట్టం మొదలంటా ఊడిపోతే దాన్ని ఒక్కదాన్నే నిలబెట్టి అతకొద్దు, వెంట్రుకవాసి వంగినా రెండో డొప్పతో కలవదు. గొట్టం అడుగున కొంచెం మక్కు పెట్టి నిలబెట్టి, రెండో డొప్ప మూసి, రబ్బరు బ్యాండు వేసి ఆరనివ్వండి. డొప్పలే దాన్ని సరైన చోట నిలబెడతాయి.

బిగించేటప్పుడు: స్క్రూను ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్నగా కిందకి దిగినట్టు తెలుస్తుంది. అది పాత మర మొదలు. అక్కడినుంచి బిగిస్తే పాత దారిలోనే వెళ్తుంది. ఆనగానే ఆపేయండి. ఏ ప్లాస్టిక్ సామానుకైనా ఇలాగే చేయండి, రిమోట్‌కైనా, మిక్సీకైనా.

డొప్ప విప్పడమే రావడం లేదు.

అమెరికా రకం ఎన్ఈఎస్, ఎస్ఎన్ఈఎస్, గేమ్ బాయ్ మెషీన్ల క్యాసెట్లలో చాలావాటికి నింటెండో ప్రత్యేక స్క్రూ వాడింది. దానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే స్క్రూడ్రైవర్ బిట్ కావాలి, ఆన్‌లైన్లో దొరుకుతుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు మూడు రెక్కల స్క్రూ. పెన్ను కొన కరిగించి స్క్రూ మీద ఒత్తి తిప్పే చిట్కా జోలికి వెళ్లొద్దు, ఆ కరిగిన ప్లాస్టిక్ స్క్రూ గుంటలో ఇరుక్కుంటే తర్వాత అసలు బిట్ కూడా దిగదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే 60 పిన్నుల ఫామికామ్ (జపాన్‌లో వచ్చిన నింటెండో మెషీన్) రకానికి చాలావాటిలో స్క్రూలే ఉండవు, లోపల లాకులు ఉంటాయి. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నడం వల్లే సగం డొప్పలు విరుగుతున్నాయి. పాత సిమ్ కార్డు ఫ్రేమ్ లాంటి పల్చటి ప్లాస్టిక్ ముక్కను సందులో పెట్టి, లాకు ఎక్కడుందో తెలిసేదాకా జరుపుతూ ఒక్కోటే వదిలించండి. చలికాలం పొద్దున అయితే డొప్పను కాసేపు చేతుల మధ్య వెచ్చబెట్టాక మొదలుపెట్టండి.

డొప్ప లేకుండా ఉత్త బోర్డు మెషీన్లో పెట్టి ఆడొచ్చా?

వద్దు. డొప్ప పని అందం కోసం కాదు, బోర్డును పిన్నులకు ఎదురుగా నిలబెట్టడం కోసం. ఉత్త బోర్డు ఒక పిన్ను పక్కకు జరిగినా, వెనకది ముందుకు పెట్టినా కరెంటు వెళ్లకూడని పిన్నుకు వెళ్తుంది. ఇన్నేళ్లు బతికిన చిప్ ఒక్క క్షణంలో పోతుంది.

మూల మొత్తం పోయింది, ముక్క దొరకలేదు.

అలాంటిదే బాగున్న క్యాసెట్ ఒకటి సంపాదించండి, స్నేహితుల దగ్గర అరువుకైనా. దాని మూల మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి, అంటే క్లే, గట్టిగా ఒత్తి అచ్చు తీయండి. ఆ అచ్చుకు వాజెలిన్ రాసి, విరిగిన డొప్పకు బయటినుంచి పెట్టి, లోపలివైపు నుంచి ఎంసీల్ ఒత్తండి. విరిగిన అంచును ముందుగా గరుకు కాగితంతో గీరి ఉంచుకుంటే పట్టు వస్తుంది. ఇంత పెద్ద ఖాళీకి మక్కు వాడితే కుంచించుకుపోయి ఆకారం నిలవదు, ఇక్కడ ఎంసీలే మేలు. గట్టిపడ్డాక 240 నంబరు గరుకు కాగితంతో ఆకారం తెచ్చి, 400, 800, 1000 నంబర్ల వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. రంగు వేయాలంటే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ వేయండి.

మెషీన్లో పెట్టేముందు మందం చూడండి. బాగున్న క్యాసెట్ పక్కన ఆనించి వేలితో తడిమితే తేడా తెలిసిపోతుంది. ఉబ్బెత్తుగా ఉన్న క్యాసెట్‌ను బలవంతంగా దూరిస్తే ఈసారి విరిగేది మెషీన్.

ఆటోనగర్‌లో బంపర్లకు చేసే ప్లాస్టిక్ వెల్డింగ్ దీనికి పనికొస్తుందా?

ఆటోనగర్ పనివాళ్ల చేయి గొప్పది, వాళ్ల కడ్డీలు మాత్రం మనకు సరిపోవు. కారు బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకం, ఆ కడ్డీ ఏబీఎస్‌తో కలవదు. వేడి స్టేపుల్ పిన్నులు దించే పద్ధతి బలంగానే ఉంటుంది కానీ క్యాసెట్ గోడ పల్చన, పిన్ను అవతలివైపు పొడుచుకొస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌తో ఇంట్లోనే కాల్చి అతకాలని చూడకండి. ఏబీఎస్ మాడితే వచ్చే పొగ ఆరోగ్యానికి చెడ్డది, మాడిన మచ్చ కూడా పోదు.

ఇంతకుముందే ఎవరో ఫెవిక్విక్ వేశారు. ఇప్పుడెలా?

పదునైన బ్లేడుతో పెచ్చుల్లా గీకండి, పెళుసు కాబట్టి చాలావరకు వచ్చేస్తుంది. మిగిలినదాన్ని గరుకు కాగితంతో తీసి, కొత్త ప్లాస్టిక్ కనిపించాక మక్కు వేయండి. అసిటోన్ ఆ జిగురునూ కరిగిస్తుంది, దాంతోపాటు డొప్పనూ కరిగిస్తుంది, అందుకే ముంచి పెట్టకూడదు.

లేబుల్ పాడవకుండా ఎలా?

లేబుల్ కింద పగులు లేకపోతే లేబుల్‌ను కదపొద్దు, దాని మీద టేపు కూడా వేయొద్దు. పగులు కిందనే ఉంటే హెయిర్ డ్రయ్యర్‌ను దూరంగా పెట్టి వెచ్చబెడుతూ ఒక మూల నుంచి మెల్లగా లేపండి. ఒక్క చుక్క అసిటోన్ పడినా లేబుల్ రంగు పోతుంది. డొప్పకు మరో డొప్ప దొరుకుతుంది. చిన్నప్పుడు అన్నయ్య బాల్‌పెన్నుతో పేరు రాసుకున్న లేబుల్ దొరకదు.

బుడమేరు వరదలో తడిసిన క్యాసెట్లు ఉన్నాయి. ఆశ ఉందా?

ఉంది. 2024 సెప్టెంబరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఆ నీళ్లకు ప్లాస్టిక్ ఏమీ కాదు, ఒండ్రే సమస్య. ముందు ఒక్క మాట: శుభ్రం చేయకుండా మెషీన్లో పెట్టి పనిచేస్తుందో లేదో చూడొద్దు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, అది మురుగు కలిసిన నీరు. డొప్పను సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, స్క్రూ గొట్టాల లోపల ఎండిన మట్టిని పుల్లతో తీయండి. మట్టి ఉండగా స్క్రూ బిగిస్తే గొట్టం చీలడం ఖాయం. బోర్డును ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి నీడలో ఆరబెట్టండి. తుప్పు పట్టిన స్క్రూలు పారేయండి. ఆట సేవ్ అయ్యే క్యాసెట్లలో బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది కారి ఉంటే దాన్ని తీయించేయండి. సేవ్ పోతుంది, బోర్డు దక్కుతుంది.

పచ్చబడిన డొప్పను తెల్లగా చేయొచ్చా?

చేయొచ్చు. బ్యూటీ పార్లర్ సామాను షాపుల్లో దొరికే 12 శాతం పెరాక్సైడ్ క్రీమ్ రాసి ఎండలో పెట్టే పద్ధతి 2008 నుంచి ప్రచారంలో ఉంది. నేను మాత్రం విరిగిన డొప్పకు వద్దంటాను. మన ఎండకు క్రీమ్ అక్కడక్కడ ఎండిపోయి చారలు పడతాయి, అతుకు ఒక రంగుకు, డొప్ప ఇంకో రంగుకు వస్తాయి. ప్లాస్టిక్‌కు పోయిన బలమూ తిరిగి రాదు, కొన్నేళ్లకు పసుపు మళ్లీ రావచ్చు.

త్రీడీ ప్రింట్ డొప్ప కొంటే ఈ బాధంతా ఉండదు కదా?

అసలుది ముక్కలు ముక్కలైపోతే అదే దారి. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసింది తీసుకోవద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర అద్దాలు ఎత్తి ఆపిన కారులో మరిచిపోతే వంకరపోతుంది. ఏబీఎస్ లేదా పీఈటీజీ ప్లాస్టిక్‌తో చేసింది అడగండి.

కొత్త డొప్పలోకి మార్చాక పాతది పారేయొచ్చా?

పారేయొద్దు. స్క్రూలు, లాకులు, చిన్న చెక్కులతో సహా ఒక జిప్ కవర్లో వేసి, ఏ క్యాసెట్‌దో చీటీ రాసి పెట్టండి. అది అసలు డొప్ప, ఎప్పుడైనా ఓపిక కుదిరితే అతకొచ్చు. పూర్తిగా పనికిరాదనుకుంటే ఆ రంగు తురుము కోసం వెతుకుతున్నవాళ్లు ఎవరో ఉంటారు, వాళ్లకివ్వండి. అటక మీద మాత్రం పెట్టకండి, వేసవిలో ఇంట్లో అన్నిటికంటే వేడెక్కేది అదే. బీరువా కింది అరలో పెట్టండి.